గుంటలో కూసున్నది నేను

మా ఎమ్మిగనూరు మగ్గాల ఇండ్లల్లో ఆడోళ్లు మగ్గం కింది గుంటలోకి దిగరు. మొగోడు గుంటలో కాళ్లు పెట్టి నేయాల, ఆడది రాట్నం ముందర కూసోని కండెలు సుట్టాల. మా ఆయన జొరమొచ్చి పోయినాక మగ్గం నిలబడిపోయింది. నా కూతురు అప్పుడు మూడో తరగతి. కర్మంతరాలు అయినాయో లేదో, నేనే గుంటలోకి దిగినా.

మా బావ, అంటే ఆయన అన్న, వాకిట్లో నిలబడి అరిసినాడు.

"ముండమోసినదానివి, మొగోని తావున కూసుంటావా? ఇంటికి అరిష్టం!"

"ఆకలికంటే అరిష్టమేముంది బావా? అది అప్పుడే వచ్చి పొయ్యికాడ కూసుంది" అన్నా. నూలుపోగుల నడుమ అటూఇటూ ఆడే నాడెను మటుకు ఆపలేదు.

చీరకు అంచు ఎట్లుండాలనో ముందుగాల బొగ్గుతో గోడమీద గీసుకుంటుంటి. హంసలు, మామిడిపిందెలు. సదువు రాదు గానీ గీత నా మాట ఇనేది. పాప గుంట ఒడ్డున కూసోని నా గీతల పక్కనే గీసేది.

"అమా, నీ హంసకు మెడ సాగిపోయింది."

"నీది హంసనా? కూతకొచ్చిన కోడిపుంజు మాదిరుండాది."

ఇద్దరం నవ్వుకుంటా ఉంటిమి. అట్ల గీసీ గీసీ అది డ్రాయింగు టీచరైంది. ఆదోనిలో బడి, ఆదోనిలోనే పెండ్లి. అత్తగారోళ్లది మా కులమే గానీ, తాతలనాడే మగ్గం ఇడిసి పంతులు ఉద్యోగాలు పట్టినోళ్లు.

ఒకసారి కబురు పంపింది. ఆదోనిలో గీసిన బొమ్మలు జనం సూసేకి పెడతాండారు, నీ బొమ్మ వేసినా, రా అమా అని. బస్సులో పొడుగునా ఒకటే యోచన. నా మొకం ఎట్లేసిందో, నా కాళ్లు ఎట్లేసిందో అని. నా బొమ్మ ఒకరు వేయడం అదే మొదలు. పెండ్లి ఫోటోలో గూడా నేను తలొంచుకోనే ఉండా.

పోయి సూస్తి గదా, ఆ బొమ్మలో మా ఆయన గుంటలో కూసున్నాడు. నేను పక్కన రాట్నం కాడ. నెత్తిన కొంగు, రూపాయంత బొట్టు, ఒళ్లో బిడ్డ. ఆయన తట్టు సూసి మురిసిపోతాండా. కింద 'అమ్మ' అని రాసిందని పక్కామె సదివి సెప్పింది. "ఎంత శాంతముందో సూడు ఆ మొకంలో" అనె.

కూతుర్ని పక్కకు పిలిస్తి.

"ఆ గుంటలో ఎవరే?"

"నాయన. మెల్లగ మాట్లాడమా, మా మామ ఉండాడు."

"నీ మూడో తరగతి కాడ్నుంచి ఆడ ఎవర్ని సూసినావే నువ్వు?"

"అమ్మంటే అట్లుంటేనే అందరికీ నచ్చుతాది" అని నేలసూపులు సూసింది.

అంతలో వాళ్ల మామ రానే వచ్చినాడు. మర్యాదస్తుడే. "మీ ఆయన చేతిపని గొప్పదంట గదమ్మా. మగ్గం మీదనే బిడ్డను సదివించినాడంట. కోడలు ఎప్పుడూ సెప్తాంటాది" అనె.

బొమ్మే కాదు, నాయన ఎప్పుడు పోయినాడో దాచి, అత్తగారింట్లో గూడా అదే మాట సెప్పుకుందన్నమాట.

"ఆయన కాదప్పా. సదివించింది నేను. నేసింది నేను."

నా కూతురు నవ్వింది. నవ్వుతానే నా భుజం పట్టుకుంది. "నాయన పోయినప్పట్నుంచి అమ్మ అప్పుడప్పుడు ఇట్లనే మాట్లాడతాది మామయ్యా. మతి నిలకడుండదు."

ఆయన నన్ను జాలిగా సూసి, కుర్చీ తెప్పిచ్చి కూసోబెట్టినాడు. ముండమోసినదానా అన్న మా బావ నోరే నయమనిపించింది. బావ కండ్లకైనా నేను గుంటలో కనపడినా.

తర్వాత కొన్నాళ్లకు కూతురు ఆ బొమ్మకు గుడ్డ సుట్టుకోని మా ఇంటికొచ్చింది. "నీకే ఇస్తాండా అమా, ఈడ తగిలించుకో."

నేను గుంటలోంచి లేయలేదు. "మీ అత్తామామల్ని ఒకసారి తోడుకోని రా. వాళ్లు ఈ వాకిట్లో కూసోని నేను నేస్తాంటే సూడనీ. నేసి సదివించింది మా అమ్మేనని నువ్వు వాళ్లకు ఒక్కమాట సెప్పు. ఆపొద్దే తగిలిస్తా."

అది బొమ్మకు సుట్టిన గుడ్డ ముడి మళ్లా బిగించింది. అన్నం తిని పో అన్నా. తినింది. బొమ్మ ఎత్తుకోని ఆదోని బస్సెక్కింది.

కూతురు వస్తానే ఉంటాది, పోతానే ఉంటాది. వాళ్లను మటుకు ఇంతవరకూ తోడుకోని రాలేదు.