మామిడిపండుకు షుగర్ లేదన్న వాచీ

2024 మామిడి సీజను. చిత్తూరులో ఒక చిన్న షుగర్ క్లినిక్కులో నేను నర్సుని. ఇప్పటికీ సూదిలోకి దారం ఎక్కించడం చేతకాదు గాని, ఏళ్ల తరబడి సూదితోనే బతుకుతున్నాను. అనుమానం నా రక్తంలోనే ఉంది. ఇతరుల రక్తం చూసీ చూసీ వచ్చినట్టుంది.

ఆ రోజు మండీ నుంచి మునిరత్నం వచ్చాడు. మామిడి వ్యాపారి, రోజూ ఇన్సులిన్ వేసుకునే మనిషి. చేతికి కొత్త వాచీ.

"సిస్టరూ, ఇంక నా వేలు మీకియ్యను. ఇది గుచ్చకుండానే షుగర్ సెప్తాది. మా గ్రూపులో వార్త పెట్టినారు."

ఆ గ్రూపు ఫోనులోనిది. సైన్సు, టెక్నాలజీ వార్తలు పంచుకుని, అన్నం చల్లారేదాకా వాటి మీద వాదించుకుంటారు. వాచీ 112 చూపుతోంది. ఇన్సులిన్ మానేస్తానంటాడు.

నేను నమ్మలేదు. స్పిరిట్ స్వాబ్‌తో, అంటే స్పిరిట్‌లో తడిపిన దూదితో, వేలు తుడిచి గ్లూకోమీటరులో రక్తపు చుక్క పెట్టాను. 412. డాక్టరుగారు వెంటనే అదనంగా ఇన్సులిన్ వేయమన్నారు.

"వాచీ అబద్ధమని తేల్చేదాకా ఏపించుకోను" అన్నాడు మునిరత్నం.

ఆయన మాకోసం తెచ్చిన పండ్లలో ఒకదానికి ఆ వాచీ కట్టాను. కాసేపు మిణుకుమిణుకుమని 108 చూపించింది.

"పండుకు షుగర్ లేదంటన్నా" అంటూ దాన్ని కోసి కూడా చూపించాను. రసం మోచేతిదాకా కారింది. ఆయన నవ్వి, ఫోటో తీసి గ్రూపులో పెట్టి, చొక్కా పైకెత్తాడు. నేను సిరంజి అందుకుంటుండగా ఆయన ఫోను మోగింది.

"ఆగండి సిస్టరూ. మా గ్రూపులో లెక్చరరు సారు అడగతా ఉండాడు: వాచీకి పరీక్ష పెట్టినారు సరే, ఆసుపత్రి మిషనుకు ఎవురు పెట్టినారు? మీ వేలియ్యండి."

తప్పించుకునే దారి లేక, నా వేలూ స్పిరిట్‌తో తుడిచి గుచ్చుకున్నాను. 286.

నాకు షుగరే లేదు. కుర్చీ కోసం వెతుక్కున్నాను.

"మీగ్గూడా ఒక వాచీ తెప్పించేదా?" అన్నాడు మునిరత్నం జాలిగా.

డాక్టరుగారు నా చేతుల వైపు చూశారు. "సబ్బుతో కడుక్కుని రామ్మా."

కడుక్కుని చూస్తే 98. మునిరత్నం పొద్దుటి నుంచి మండీలో కాయలు కోసి బేరగాళ్లకు రుచి చూపిస్తున్నాడట. ఆయన చేతులూ కడిగించి చూస్తే 164. వేళ్లకంటిన రసం స్పిరిట్‌తో సరిగా పోలేదు. రక్తంలో కలిసి అంకె పెంచేసింది. 412ను నమ్మి ఆ సూది వేసి ఉంటే షుగర్ పడిపోయేది, వెనకాలే మనిషీ పడిపోయేవాడు.

డాక్టరుగారు సిరంజి పక్కన పెట్టించి, పాత డోసే కొనసాగించమన్నారు. "వాచీ దొంగ, మిషను అమాయకురాలు, మామిడిపండు ముద్దాయి" అని మునిరత్నం గ్రూపులో తీర్పు పెట్టాడు. దాని మీదా వాదన నడిచిందట.

అనుమానం మంచిదే, కాని నాది ఎదుటివాళ్ల దగ్గరే ఆగిపోయేది. ఇప్పుడు సీజను వస్తే ప్రతివాళ్లనూ చేతులు కడుక్కున్నారా అని అడుగుతాను. కడుక్కున్నామంటారు. నమ్మను. కొళాయి దాకా వెంట వెళ్లి, వాళ్లవి అయ్యాక నావీ కడుక్కుంటాను.