నాలుగో సాక్ష్యం

సువార్తల పాఠం చెప్పే ఆ మాస్టారికి చెవిమీద సుద్దముక్క పెట్టుకుని గదంతా వెతుక్కోవడం అలవాటు. ఎవరైనా మాట్లాడితే తల పక్కకి వంచి, ఆ మాట చప్పరిస్తున్నట్టు వినేవారు. "యేసు ఖాళీ సమాధి దగ్గర ఒక సువార్తలో ఒకే దూత, ఇంకోదాంట్లో ఇద్దరు. ఎలా నమ్మాలి సార్?" అని ఎవడైనా తగులుకుంటే ఆయన మొహం వెలిగిపోయేది. "ఒరేయ్, మీ అత్త పెళ్లి సంగతి ఇంట్లో నలుగురినీ అడుగు. అందరూ ఒక్కలాగే చెబితే ముందే కూడబలుక్కున్నారని అర్థం. తేడా ఉంటేనే నేను నమ్ముతాను" అనేవారు.

ఆయన తమ్ముడు రాళ్ల క్వారీలో గుమాస్తా. యజమాని మీద ఫిర్యాదు చేస్తానని అన్నతో చెప్పిన వారానికే క్వారీ గోతిలో పడి చనిపోయాడు. యజమాని ముగ్గురు పనివాళ్లని వెంటబెట్టుకుని పరామర్శకు వచ్చాడు. మాస్టారు తల వంచి విన్నారు. "అంచున నిలబడి సిగరెట్ వెలిగించాడండీ. గాలికి కళ్లు మూసుకున్నాడు. కాలు జారింది" అన్నాడు మొదటివాడు. రెండోవాడూ అవే మాటలు అన్నాడు. మూడోవాడు సిగరెట్ దగ్గర తడబడి, యజమాని మొహం చూసి, మళ్లీ అందుకున్నాడు.

మాస్టారి చెయ్యి చెవిమీదికి వెళ్లింది. సుద్దముక్క లేదు.

"పోలీసులు మిమ్మల్నీ అడుగుతారు మాస్టారూ," అన్నాడు యజమాని కుర్చీ దగ్గరికి జరుపుకుని. "తమ్ముడు ఎలా పోయాడని చెబుతారు?"

మూడోవాడు లేచి తలుపు గడియ పెట్టాడు.

"అంచున నిలబడి సిగరెట్ వెలిగించాడు," అన్నారు మాస్టారు. "గాలికి కళ్లు మూసుకున్నాడు. కాలు జారింది."

ఒక్క మాట తేడా రాలేదు.