ఆరులోపు హద్దు దాటాలి

ఆసుపత్రిలో ఆపరేషన్ గదులు కడిగే ఆమెను డాక్టర్లతో సహా అందరూ పెద్దక్క అనే పిలిచేవారు. డ్యూటీ ఏడున్నరకు. ఆమె ఉండే ఊరిచివరి కాలనీ నుంచి మొదటి బస్సు ఏడింటికిగానీ కదలదు. ఆసుపత్రికి చేరేసరికి ఎనిమిది దాటుతుంది. అందుకే పాత కారొకటి కొనుక్కుంది. భర్త ఒకప్పుడు దర్జీ. నడుము కింద చచ్చుబడి మంచాన పడ్డాడు. రోజూ ఆరింటికి ఆయన్ని లేపి, ముఖం కడిగి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి బయల్దేరేది.

ఆ ఏడాది నగరం నడిబొడ్డులోకి వచ్చే కార్లకు రుసుము పెట్టారు, పొద్దున ఆరు నుంచి పది దాకా. రోజూ కడితే జీతంలో ఐదో వంతు దానికే పోతుంది. కట్టలేక పెద్దక్క ఆరులోపే హద్దు దాటి, ఆసుపత్రి వెనక కారులో గంటన్నర కూర్చునేది. దాంతో భర్తను నాలుగున్నరకే లేపాల్సి వచ్చింది.

“ఇంత పెందలాడే లేపి కూర్చోబెడుతున్నావు, కూయడానికి నేనేమన్నా కోడినా?” అని నవ్వేవాడాయన.

నెల తిరిగేసరికి, కూర్చుని కూర్చుని ఒళ్లు ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి. ఆమె లేపడం మానేసి, తెల్లారాక వచ్చి చూడమని పక్కింటి పిన్నిని బతిమాలుకుంది. ఒకరోజు పిన్ని రావడం ఆలస్యమైంది. ఆయన తనంతట తానే కుర్చీలోకి జరగబోయి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది.

రుసుముపై జనం మాట వింటామని అధికారులు సభ పెడితే, పెద్దక్క సెలవు పెట్టి వెళ్లింది.

“రోడ్లు ఖాళీ అయ్యాయమ్మా. అంబులెన్సులు తొందరగా వస్తున్నాయి. మీరూ చూస్తున్నారుగా?” అన్నాడు పెద్ద అధికారి.

“చూస్తున్నాను సార్. మా ఆయన్ని తీసుకొచ్చిందీ అంబులెన్సే. రోడ్డు ఖాళీ అవడం మంచిదే, కాదనను. ఎవరిచేత ఖాళీ చేయించారో చూడండి. పెద్ద కార్లు ఎప్పట్లాగే వస్తున్నాయి. తప్పుకున్నది మేమే. కట్టలేకపోతే బస్సెక్కమన్నారు. ఎక్కుతాను. బస్సేదీ?”

అధికారి ఏదో రాసుకున్నాడు.

ఐదు నెలలకు ఆ కాలనీ నుంచి ఆరుంబావుకు బస్సు వేశారు. మొదటిరోజే వంటవాళ్లు, కాపలావాళ్లు, ఆయాలు ఇరవైమంది దాకా ఎక్కారు. పెద్దక్క కారు అమ్మేసింది. భర్త మాత్రం మళ్లీ కుర్చీలో కూర్చోలేకపోయాడు.

“నీ నోటికి బస్సొచ్చిందటగా! ఇన్నాళ్లూ ఆ నోరంతా నా మీదే వాడావు కదే,” అన్నాడు మంచంలోంచి.

ఆమెకు నవ్వు రాలేదు. ఆయన మీద దుప్పటి సర్ది, బస్సు కోసం నడిచింది.