నేల ఊగిన పూట

కామాక్షయ్యకు ఊహ తెలిసినప్పటి నుంచీ సముద్రమే. మైపాడులో హజరత్తయ్య పడవకు చుక్కాని పట్టేది ఆయనే. రోజుల తరబడి నీళ్ల మీద ఉండి గట్టెక్కిన పూట, ఆయన కాళ్ల కింద ఇసుక కూడా అలలాగే లేస్తుంది. అక్కడ అందరికీ అంతే. చేపలు దించుతూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు.

"ఏం కామాక్షయ్యా, నేల ఊగతా ఉందా?"

"ఉయ్యాలే అబ్బయా. పడుకుంటే జోల కూడా పాడతాది."

ఒక నిద్ర తీస్తే పోయేదాన్ని జబ్బని ఎవరంటారు?

జబ్బని అన్నది కూతురు భానుప్రియ. హాస్టళ్లలో పెరిగి బీఎస్సీ చదివిన పిల్ల. పుట్టింటికి వచ్చిన ఒక ఉదయం, తన ఏడాది బిడ్డను ఎత్తుకున్న తండ్రి గడప దగ్గర తూలడం చూసింది. ఇక ఆమెకు కుదురు లేదు.

ఇందుకూరుపేట బడిలో నెల్లూరు కాలేజీ వాళ్ల వైద్య శిబిరం ఆ రోజే.

"ఒక్క కునుకు తీసి వస్తానమ్మా."

"అప్పటికి ఎత్తేస్తారు నాయనా. పా."

అక్కడ ఆయన్ని ఒక పలక మీద కళ్లు మూసుకుని నిలబడమన్నారు. మనిషి ఎటు ఎంత ఒరిగాడో పలక కంప్యూటర్‌కు పంపుతుంది. ఆసుపత్రులకు వచ్చిన వాళ్ల ఒరుగుళ్లు చూసి నేర్చుకున్న న్యూరల్ నెట్‌వర్క్, అది ఏ జబ్బో తేలుస్తుంది. కళ్లు మూయగానే కామాక్షయ్యకు పడవ లేచింది. అలకు తగ్గట్టు మోకాళ్లు వదిలాడు. పొద్దునే సముద్రం నుంచి వచ్చానని చెప్పాలని ఆయనకు తోచలేదు. ఎవరూ అడగనూ లేదు.

తెర మీద 'లోపలి చెవి జబ్బు' అని పడింది.

కొన్నాళ్లు తేలిక పని ఇమ్మని హజరత్తయ్యను అడిగింది భానుప్రియే. ఆయన విషయం విని ఉలిక్కిపడ్డాడు.

"నడిసముద్రంలో కళ్లు తిరిగితే పడవలో వాళ్ల గతేందమ్మా?"

చుక్కాని అదే పడవలో వలలు లాగే చిన్నపోలయ్య చేతికి పోయింది.

కొన్ని వారాలు గట్టు మీదే ఉన్నాక నెల్లూరులో మళ్లీ పరీక్ష చేయించారు. 'సాధారణం' అని వచ్చింది. మొదటిసారి పరీక్షకు ముందు ఎక్కడున్నారని అప్పుడడిగారు.

తిరుగు బస్సులో భానుప్రియ మెల్లగా చెప్పింది. "అది నేర్చుకున్న వాళ్లలో సముద్రం దిగి వచ్చినోళ్లు లేరు నాయనా. అందుకే నీ ఊగుడు జబ్బనుకునింది."

"అడగొచ్చు గదా."

"అది అడగదు."

కామాక్షయ్య కిటికీ వైపు తిరిగాడు. "నువ్వన్నా అడగొచ్చు గదమ్మా."

ఆమె నిద్రపోతున్న బిడ్డ తలను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

హజరత్తయ్య కాగితం చూసి సంతోషమన్నాడు. "పోలయ్యకు చెయ్యి కుదిరింది కామాక్షయ్యా. ఇప్పుడు దిగిపొమ్మంటే బాగుండదు. నువ్వు వలలు బాగుచేస్తా ఉండు."

ఆ వారం పడవ గట్టుకొచ్చింది. చిన్నపోలయ్య దిగి రెండడుగులు వేసి, పక్కకు ఒరిగాడు. వల ముందు కూర్చున్న కామాక్షయ్య నోటికి పాత మాటే వచ్చింది.

"ఏం పోలయ్యా, నేల ఊగతా ఉందా?"

చిన్నపోలయ్య గబుక్కున గట్టు మీద నిలబడ్డ హజరత్తయ్య వైపు చూశాడు. నడుము నిటారు చేశాడు.

"లేదు మామా. నాకేం లేదు."

ఒక్కో పాదాన్నీ ఇసుకలోకి గట్టిగా దిగేసుకుంటూ, తాగినవాడు తాగలేదని చూపించుకునే నడకతో, వాళ్లను దాటి పోయాడు. ఎవరూ నవ్వలేదు.