అనసూయక్క నేర్పిన బ్రేకు

ఈ సాయంత్రం ప్రమాదం నాకు మొదట వాసనగా తెలిసింది. మా ఇంటి వెనక సైకిళ్ల ట్రైల్ మీద, వాగు వంతెన దాటగానే ఒక వాలు ఉంది. తొమ్మిదేళ్ల మా అన్వి సైకిల్ మీద నన్ను దాటుకుని ఆ వాలులోకి దిగింది. దాని వెనక గాలిలో కాలుతున్న రబ్బరు వాసన మిగిలింది. అన్వి వేగంగా పోవడం లేదు. నన్ను భయపెట్టింది కూడా అదే. వాలు మొదటి నుంచీ రెండు బ్రేకుల్నీ పిడికిళ్లతో బిగించి పట్టుకుని దిగుతోంది. కింద మలుపు దగ్గర నిజంగా ఆపాల్సి వచ్చినప్పుడు ఆ బ్రేకులు పట్టలేదు. సైకిల్ తిన్నగా గడ్డిలోకి పోయి పడింది. మోచేయి గీరుకుంది, అంతే.

రేపు వాళ్ల స్కూల్లో పిల్లలందరూ సైకిళ్ల మీద రావాల్సిన రోజు. నెలరోజులుగా అన్వి దాని కోసమే ప్రాక్టీస్ చేస్తోంది. స్కూలుకి ఆ వాలు మీదుగానే వెళ్లాలి.

"రేపు సైకిల్ లేదు. కార్‌లో డ్రాప్ చేస్తాను," అన్నాను.

"అమ్మా, నో! అందరూ బైక్ మీదే వస్తారు. నేనొక్కదాన్నే కార్‌లో దిగితే ఎంత ఎంబరాసింగో తెలుసా?"

"పడ్డావు కదా."

"వన్ టైమే పడ్డా!"

అలిగి పడుకుంది. ఆరేళ్ల రిషి కూడా అక్క పక్షమే చేరి, నాకు గుడ్‌నైట్ చెప్పకుండా వెళ్లిపోయాడు. నా మాట మీద నిలబడాలా, మార్చుకోవాలా అన్నది తేలక ఇది రాస్తూ కూర్చున్నాను. ఆ వాసన నాకు కొత్తది కాదు. అయిదేళ్ల క్రితం ఫ్రాన్స్‌లో ఒక కొండ దారిలో, సరిగ్గా అదే వాసన నా సైకిల్ నుంచి వచ్చింది. ఆ రోజు నా పక్కన అనసూయక్క ఉంది.

మీరు అనసూయక్కను చూసి ఉండరు. పొట్టి మనిషి. హెల్మెట్ కింద నుంచి నెరిసిన జడ వీపు మీద ఊగుతూ ఉండేది. డాలస్ పక్కనున్న మా ఊరు కాపెల్‌లో, మా వీధిలోనే, మూడిళ్ల అవతల ఉండేది. పెళ్లి కాకముందు నిజామాబాద్ దగ్గర పల్లెల్లో సైకిల్ మీద తిరిగి పసిపిల్లలకు టీకాలు వేసేది. తర్వాత నర్సింగ్ చదివి, అమెరికా వచ్చి, డాలస్ ఆసుపత్రుల్లో పాతికేళ్లు పనిచేసి రిటైరయింది. శనివారం పొద్దున్నే మా పేటలోని నలుగురైదుగురు తెలుగు ఆడవాళ్లను వెంటేసుకుని సైకిల్ మీద ట్రైల్ చుట్టి వచ్చేది. రిషిని స్ట్రోలర్‌లో తోసుకుంటూ నేను వాళ్లను చూస్తూ నిలబడేదాన్ని.

ఒక శనివారం నా ముందు ఆగింది. "ఏం బిడ్డా, ప్రతి శనివారం చూస్తవు, ఎక్కవేంది?"

"నాకు సైకిల్ రాదు, ఆంటీ."

"ఆంటీ ఏంది? నీకు సైకిల్ నేర్పెటిదాన్ని నేను. అక్కా అను."

"చిన్నపిల్లలున్నారు కదక్కా, పడితే ఎలా?"

"పిల్లలున్నోళ్లు పడరా? మస్తు పడతరు. లేస్తరు."

అప్పటికి నేనెలాంటి మనిషినో చెప్పాలి. బీటెక్ చదివి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేసేదాన్ని. ఏది ఎక్కడ చెడిపోతుందో ముందే ఊహించి పట్టుకోవడమే నా పని. ఇంటికొచ్చాక కూడా ఆ పని ఆగేది కాదు. పిల్లలు నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని. ద్రాక్షపండును నాలుగు ముక్కలు చేసి, ఆ ముక్కల్ని మళ్లీ కోసేదాన్ని. డేకేర్‌కి రోజుకు రెండుసార్లు ఫోన్ చేసేదాన్ని. జాగ్రత్తకు, భయానికి మధ్య గీత ఎక్కడుందో నాకు తెలిసేది కాదు. ఆరు ఆదివారాల పాటు స్కూలు పార్కింగ్ లాట్‌లో అనసూయక్క నా సీటు వెనక చెయ్యి వేసి పరిగెత్తింది. ఏడో ఆదివారం చెయ్యి తీసేసింది. ఆ సంగతి నాకు చెప్పలేదు.

ఫ్రాన్స్ ఆలోచన కూడా తనదే. దొర్దోన్య్ నది పక్క పల్లెల్లో అయిదు రోజులు, అద్దె సైకిళ్ల మీద, ఎవరి సామాను వాళ్లే మోసుకుంటూ. అక్క, నేను, మా ఆఫీసులో నా పక్క సీటు స్వప్న. ముగ్గురం. మావారికి నాలుగు పేజీల జాగ్రత్తలు రాసి ఫ్రిజ్‌కి అంటించి బయల్దేరాను. ఆ పల్లెల్లో దుకాణాలు మధ్యాహ్నాలు మూసేస్తారని, కొన్ని చోట్ల సోమవారమంతా తెరవరని ఎక్కడో చదివాను. అందుకని బియ్యం, మాగాయ సీసా, మందులు, వాటన్నిటితో పాటు ఒక చిన్న రైస్ కుక్కర్ సర్దుకున్నాను.

మొదటి సాయంత్రం ఒక రైతు ఇంట్లో గది తీసుకున్నాం. సాకెట్‌లో పట్టే అడాప్టర్ తగిలించి, బియ్యం కడిగి పోసి, స్విచ్ వేశాను. టప్పుమని చప్పుడు, పొగ, ఇల్లంతా కరెంటు పోయింది. అమెరికాలో కొన్న కుక్కర్. అక్కడి వోల్టేజీ మన కాపెల్‌లో కంటే రెట్టింపని నాకు తట్టనేలేదు. ఇంటావిడ పరుగున వచ్చి ఫ్రెంచిలో ఏదో గట్టిగా అంది.

"ఏమంటోంది?" అంది స్వప్న.

"ఏమంటది? కరెంటు తిన్నరు, ఇగ అన్నమెందుకు అంటున్నది," అంది అక్క.

స్వప్న నా వైపు తిరిగింది. "పదేళ్ల నుంచి టెస్టింగ్ చేస్తున్నావు. దీన్ని ఒక్కసారి టెస్ట్ చేయలేకపోయావా తల్లీ?"

ఆ పూట బ్రెడ్డు మీద మాగాయ రాసుకుని తిన్నాం. ఫ్యూజు మార్చి వచ్చాక ఇంటావిడ కూడా ఒక ముక్క తిని, కళ్లు తుడుచుకుని, ఇంకో ముక్క అడిగింది.

కుక్కర్‌ని మాత్రం నేను వదల్లేదు. ఇంటికెళ్లి బాగుచేయించుకోవచ్చని మళ్లీ సైకిల్ సంచిలో పెట్టాను. పొద్దున్న అనసూయక్క ఆ సంచిని ఒక చేత్తో ఎత్తి చూసింది. "చచ్చిన కుక్కర్‌కు ఫ్రాన్స్ చూపిస్తున్నవా బిడ్డా?" అంది. తీసెయ్యమని మాత్రం అనలేదు.

మూడో రోజు వచ్చింది ఆ కొండ. పైకి ఎక్కేటప్పుడు భయం లేదు, ఊపిరి చాలకపోవడమే. పైనుంచి చూస్తే అవతల లోయలో నది, దాని ఒడ్డున తేనెరంగు రాతి ఇళ్ల పల్లె, అక్కడి దాకా మెలికలు తిరుగుతూ దిగే దారి. ఆ పల్లెలోనే మా బస. స్వప్న కేకేసుకుంటూ దిగిపోయింది. నేను రెండు బ్రేకులూ బిగించి బయల్దేరాను, నా పక్కనే అక్క. వెనక బరువు నన్ను ముందుకు తోస్తోంది. రెండో మలుపుకు రబ్బరు వాసన వచ్చింది. మూడో మలుపుకు బ్రేకు ఎంత నొక్కినా సైకిల్ మెత్తగా జారుతూనే ఉంది. రెండు కాళ్లూ నేలకు రాసి, ఒక రాతిగోడకు ఆనుకుని ఎలాగో ఆగాను. బూటు అడుగు అరిగిపోయింది. ఒక్కసారిగా పిల్లల ముఖాలు కళ్లముందుకొచ్చాయి.

"ఇక నా వల్ల కాదక్కా. నడిపించుకుంటూ దిగుతాను. రేపు ట్రైన్ ఎక్కి పారిస్ వెళ్లిపోతాను. మీరు కానివ్వండి."

అక్క నా చక్రం అంచును వేలితో తాకి, చప్పున తీసేసింది. "కాలుతున్నది. చల్లగయ్యేదాక కూసో." గోడ మీద కూర్చుని, దారిలో ఏరిన వాల్‌నట్ కాయల్ని రాయితో కొట్టి, పప్పు నా చేతిలో పెడుతూ చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో టీకాల డబ్బా క్యారియర్‌కు కట్టుకుని ఒక గుట్ట దిగిందట. డబ్బాలో ఐసు, వెనక బరువు. భయంతో పైనుంచి బ్రేకు పట్టుకునే దిగితే సగంలో బ్రేకు రబ్బర్లు అరిగిపోయి, జొన్నచేలో పడింది.

"డబ్బా పగిలిందా?"

"మూత గుడ ఊడలె. టీకాలు చల్లగనే ఉన్నయి. నేనే వేడెక్కిన." నవ్వింది. "సూడు బిడ్డా. బ్రేకు పట్టుకొని ఉండేటిది కాదు. పట్టాలె, వదలాలె. పట్టినప్పుడు బండి నీ మాట ఇంటది. వదిలినప్పుడు బ్రేకు ఊపిరి తీసుకుంటది. నువ్వు దానికి ఊపిరి ఆడనిస్తలేవు."

"కుక్కర్ ఇక్కడే వదిలేయనా?"

"నీ ఇష్టం. నేర్చుకుంటే దానితోని గుడ దిగొచ్చు."

లేచి సైకిల్ ఎక్కింది. నా వెనకే రమ్మని బతిమాలాను. తల అడ్డంగా ఊపింది. "నేను ముందు పోత. ఎనకుంటే నువ్వు దారి చూడవు, నన్ను చూస్తవు." వెళ్లిపోయింది. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. నెరిసిన జడ మలుపు తిరిగి మాయమైంది.

కొండ మీద నేను, చచ్చిన కుక్కర్ మిగిలాం. కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఎక్కాను. పట్టాను. వదిలాను. వదిలిన క్షణంలో సైకిల్ ముందుకు ఉరికింది. మళ్లీ పట్టాను, మాట వింది. రెండు మలుపులు దాటాక నా చేతులు వాటంతటవే ఆ లయను పట్టుకున్నాయి. మెలకువగా ఉన్నప్పుడు ఏ భయమూ లేకుండా గడిచిన నిమిషాలు తల్లినయ్యాక నాకు అవే మొదటివి. ఎదురుగాలికి కళ్లలోంచి నీళ్లు చెవుల వైపు పారుతున్నాయి. సంచిలో కుక్కర్ మూత టకటకా తాళం వేస్తోంది. ఆఖరి మలుపులో నేనూ స్వప్నలాగే కేక పెట్టాను. పల్లెలో ఎవరో కిటికీ తెరిచి చూశారు.

కింద కుళాయి దగ్గర అనసూయక్క కొండ వైపు వీపు పెట్టి, సీసాలో నీళ్లు పట్టుకుంటోంది.

"అక్కా, నేను దిగాను! మీరు చూడనే లేదు!"

"చూసుడెందుకు? నీ బ్రేకు చప్పుడు విన్న. కుయ్, గమ్మున. కుయ్, గమ్మున. మంచిగ దిగుతున్నవని ఎర్కయింది." అప్పుడు తిరిగి, తడి చేత్తో నా చెంప తట్టింది. ఆ చెయ్యి ఇంకా వణుకుతోంది.

పారిస్ ట్రైన్ మాట మళ్లీ ఎత్తలేదు. మిగిలిన రెండు రోజులూ ప్రతి వాలులోనూ నేనే ముందు దిగాను. కుక్కర్‌తో సహా.

అక్క ఇప్పుడు వేరే రాష్ట్రంలో, షామ్‌బర్గ్‌లో చెల్లెలి దగ్గర ఉంటోంది. మోకాలి ఆపరేషన్ అయ్యాక మూడు చక్రాల సైకిల్ కొనుక్కుందట. దాని బుట్టలో కూరగాయలు పెట్టుకుని తీసిన ఫొటో పంపింది. ఫోన్ చేసి అన్వి సంగతి చెబుదామా అనుకున్నాను. ఏమంటుందో తెలుసు కనుక చేయలేదు.

ఇక్కడిదాకా రాసి పడుకున్నాను. మిగిలింది పొద్దున్న రాస్తున్నాను. తెల్లవారగానే గరాజ్‌లోకి వెళ్లి ఆ పాత కుక్కర్ మూత తీశాను. సైకిల్ పనిముట్లన్నీ అందులోనే ఉంటాయి. అన్వి సైకిల్‌కు అరిగిన బ్రేకు రబ్బర్లు తీసి కొత్తవి వేస్తుంటే, పిల్లలిద్దరూ వచ్చి నిలబడ్డారు. అన్వి నా ముఖం వైపు చూస్తోంది. హెల్మెట్ చేతిలో ఉంది.

వాళ్లతో ఇలా చెప్పాను. "రిషీ, నువ్వు నా సైకిల్ వెనక సీట్లో కూర్చో. అన్వీ, వాలులో బ్రేకు పట్టుకునే ఉండకు. పట్టు, వదులు. మళ్లీ పట్టు, వదులు. నేనూ తమ్ముడూ ముందు దిగుతాం. నేను వెనక్కి తిరిగి చూడను. నీ బ్రేకు చప్పుడు వింటూ కింద నిలబడతాను."