చింతపండు మూలన దాచిన మాట

వేడినీళ్లలో చింతపండు నానబెట్టినప్పుడల్లా, ఆ మగ్గిన పుల్లటి వాసనకి నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

విజయవాడ వన్ టౌన్‌లో మా అబ్బాకి, అంటే మా నాన్నకి, కిరాణా గోడౌన్ ఉండేది. రోళ్లు పగిలే ఎండల్లో కూడా చల్లగా ఉండే ఆ చీకటి గదిలో, ఎండుమిర్చి ఘాటుకి తుమ్ముకుంటూ, కర్పూరం డబ్బాలు వాసన చూస్తూ, బస్తాల మీద ఎక్కి దూకుతూ పెరిగాను. ఇంగ్లీషు మీడియం బడిలో సీటు కావాలంటే హెడ్‌మిస్ట్రెస్ గారు అడిగే పెద్ద పెద్ద మాటలకి అర్థాలు చెప్పాలి. ‘ఈసారి సీటు రాకపోతే చదువు మాన్పించి కుట్టుమిషను నేర్పిద్దాం భాయ్’ అని బాబాయి తేల్చేశాడు. కుట్టుమిషను చప్పుడు వింటేనే నాకు ఏడుపొచ్చేది.

ఇంగ్లీషు రాని అబ్బా తన వ్యాపారం తెలివే నాకూ నేర్పారు. ‘ఒక్కో మాటనీ ఒక్కో బస్తా మీద కూచోబెట్టమ్మా. సరుకెక్కడికి పోద్ది?’ అన్నారు. అలా ఘాటైన ఎక్రిడ్‌ని మిర్చి మీద, ఇట్టే ఆవిరైపోయే ఎఫెమెరల్‌ని కర్పూరం మీద, టెనేషియస్‌ని మూలనున్న చింతపండు బుట్టల మీద కూచోబెట్టాను. కళ్లు మూసుకుంటే చాలు, గోడౌనంతా నాకు పాఠం అప్పజెప్పేది.

తీరా పరీక్ష రోజు పొద్దున్నే ఉయ్యూరు బేరం వచ్చి, చింతపండు బుట్టలన్నీ తోపుడుబండి ఎక్కేశాయి. నేను పరిగెత్తి ఒక బుట్టలోకి వేళ్లు గుచ్చి పట్టుకుని, ‘అబ్బా, అది అమ్మొద్దు!’ అని అరిచాను.

‘పిచ్చిపిల్లా, బేరం కుదిరాక ఆపుతారా?’ అని నవ్వబోయిన అబ్బాకి సంగతి అప్పుడు వెలిగింది. సరుకనేది అమ్ముడుపోయేదేనన్న మాట వ్యాపారస్తుడై ఉండి ఆయనే మర్చిపోయారు! ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. బడి దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు.

హెడ్‌మిస్ట్రెస్ గారు సరిగ్గా ఆ మాటే, టెనేషియస్ అంటే ఏంటనే అడిగారు. కళ్లు మూసుకున్నాను. మూల ఖాళీ. ఊడ్చిన నేల తప్ప ఏమీ లేదు. కిటికీ బయట అబ్బా టోపీ తీసి చేతుల్లో నలుపుతున్నారు.

‘తెలీకపోతే ఫర్వాలేదమ్మా, వెళ్లు,’ అన్నారావిడ.

భయంతో గోళ్లు కొరుక్కోబోయాను. నాలుకకి పులుపు తగిలింది. పొద్దున గుచ్చిన గుజ్జు గోళ్ల సందుల్లో ఇంకా అంటుకునే ఉంది.

‘కాదండీ! పట్టుకుంటే వదలనిదండీ!’ అని అరిచినంత పని చేశాను.

సీటొచ్చింది. బయటికి రాగానే అబ్బా నా వేళ్లు వాసన చూసి, నడిబజారులో నిలబడి ఏడ్చేశారు.

గోడౌన్ ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు వెలుగుతోంది. చింతపండు గింజ తీసి ప్లాస్టిక్ ప్యాకెట్లో వస్తోంది. మా అమ్మాయి మాటలన్నీ ఫోన్లోనే నేర్చుకుంటోంది, వాటికి ఏ వాసనా లేదు. అబ్బా పోయి చాలాకాలమైంది. పులుసు పిసికిన చెయ్యి మాత్రం నేను వెంటనే కడుక్కోను.