ఎడారి దొంగకు నెల్లూరు యాస

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, లోకంలో న్యాయం తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. ఇరవై మూడేళ్ల వయసుకు అది పెద్ద నేరమేమీ కాదు లెండి. నెల్లూరులో పెళ్లి వీడియోలకు పాటలు, ఆటోల్లో తిప్పే ప్రచారాలు రికార్డు చేసే చిన్న స్టూడియోలో నా పని. ఉన్నట్టుండి మా సారుకు ఒక విదేశీ కార్టూన్ సినిమాను తెలుగులోకి డబ్బింగ్ చేసే అవకాశం వచ్చింది. మాటలు రాసేది నేనే, రాకుమారికి గొంతిచ్చేదీ నేనే (స్టూడియోలో ఉన్న ఆడగొంతు నాదొక్కటే).

సినిమాతో పాటు కంపెనీవాళ్లు ఒక కాగితం పంపారు. ఏ మతాన్నీ, ప్రాంతాన్నీ, ఒంటిరంగునూ కించపరచకూడదట. తీరా చూస్తే ఎడారి దొంగేమో నల్లగా, గడ్డం, తలపాగా, వంకర ముక్కుతో ఉన్నాడు. రాకుమారి పాలమీగడలా ఉంది. బొమ్మలు వాళ్ల ఇష్టం వచ్చినట్టు గీసుకుని, మర్యాద మమ్మల్ని పాటించమన్నారన్నమాట.

దొంగకు గొంతివ్వడానికి మా వీధిలో అత్తరు అమ్మే మామను పిలిచాం. సారు ఆయన గడ్డం చూసి మురిసిపోయి, "మామా, నాలుగు ఉర్దూ ముక్కలు కలిపి చెప్పండి, భలే ఉంటది" అన్నారు.

"నా ఉర్దూ మా ఇంట్లో కోళ్లకు గూడా అర్థం కాదు సారూ. బళ్లో తెలుగులో నాదే ఫస్టు మార్కు" అన్నాడు మామ.

నేను కాగితం ఊపుతూ అడ్డం పడ్డాను. మామ పరువు కాపాడేశానని ఆ రోజంతా ఛాతీ విరుచుకుని తిరిగాను. మరి దొంగ ఎలా మాట్లాడాలి? మన నెల్లూరు యాస పెడితే అడిగేదెవరు? రాకుమారికి మాత్రం పుస్తకాల తెలుగు రాసుకున్నాను.

పంపేముందు పిల్లలకు చూపిద్దామని సారు ఒక ఆదివారం స్టూడియోలోనే సినిమా వేశారు. కొడవలూరు నుంచి మా పెద్దమ్మ మనవరాలిని తీసుకుని వచ్చింది. దొంగ తెరమీదకొచ్చి "ఏందబ్బయా, గాడిదను ఈడ కట్టేసినారు?" అనగానే పిల్లలు పడిపడి నవ్వారు. పెద్దమ్మా నవ్వింది. నేను గర్వంగా ఆమెనే చూస్తున్నాను. నాలుగో మాటకు ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఏమ్మే, దొంగోడు నోరు తెరిస్తే మన ఊరోళ్లు మాట్లాడినట్టుండాది. ఆ పిల్లేమో వార్తలు చదువతా ఉండాది. ఏం, రాకుమార్తెలు మన పక్క పుట్టరా?"

"ఎవరినీ నొప్పించకూడదని కాగితం వచ్చింది పెద్దమ్మా..."

"మరి నేనెవుర్ని?"

కాగితం తీసి మళ్లీ మొదటినుంచి చదివాను. మా పెద్దమ్మ అందులో ఎక్కడా లేదు.

సారును బతిమాలి మర్నాడే మళ్లీ రికార్డు చేశాం. ఈసారి దొంగ పుస్తకాల తెలుగు, రాకుమారి మా యాస. అత్తరు మామ విజృంభించాడు. "సుకుమారీ, నీ ఆభరణములను ఇచ్చట ఉంచుము!" అంటుంటే సారుకే దొంగ మీద గౌరవం పుట్టుకొచ్చింది. నేనేమో మైకు ముందు మొదటిసారి, రాసుకున్నది చూడకుండానే మాటలన్నీ చెప్పేశాను.

వారానికి కంపెనీ నుంచి జవాబొచ్చింది. దొంగ సంభాషణలు గంభీరంగా ఉన్నాయట. రాకుమారి యాస మాత్రం ఒక ప్రాంతంవారిని ఎగతాళి చేస్తున్నట్టుందట.

"ఆ ప్రాంతం మనమే గదమ్మా! మాకేం బాధ లేదని రాసెయ్" అన్నారు సారు. రాశాను. "మీకు బాధ కలిగించినందుకు చింతిస్తున్నాం, దయచేసి మార్చండి" అని తిరిగి రాశారు.

మార్చకపోతే సినిమా వేరేవాళ్లకు పోతుంది. మార్చాను. చివరికి దొంగ, రాకుమారి, గాడిద అందరూ వార్తలే చదివారు. ఒక్కచోట మాత్రం, రాకుమారి కాల్లో ముల్లు దిగినప్పుడు, "అమ్మా, ముల్లు గుచ్చుకొనిందే!" అన్న నా కేకను ఎవరికీ చెప్పకుండా అలాగే ఉంచేశాను. కంపెనీవాళ్లు కనిపెట్టలేదు.

పెద్దమ్మ కనిపెట్టింది. సినిమా ఫోన్లోకొచ్చిన రోజు నాకు ఫోన్ చేసి, "ముల్లు గుచ్చుకున్నాక గానీ నీకు మన మాట రాలేదా మే?" అని ఒకటే నవ్వు.

ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆ సినిమా పెట్టుకుంటాను. అందులో అంతసేపూ మర్యాదగా మాట్లాడే అమ్మాయి ఎవరో నాకు తెలియదు. ఆ ఒక్క కేక దగ్గర మాత్రం, కళ్లద్దాలు సవరించుకుని, ఆ ఇరవై మూడేళ్ల పిల్లను ఇంకోసారి వెనక్కి తిప్పి వింటాను.